నీళ్ళాయన పెంచిన దొరసాని

జూన్ 4

బావగారికి,

నమస్కారాలు. మీరు ఆత్రంగా వెతుక్కునే మాట ముందే రాసేస్తున్నాను: అక్క క్షేమంగా చేరింది. బస్సు దిగి వచ్చి, సంచి గోడకు ఆనించి, రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, "హమ్మయ్య, గ్లాసు ఎక్కడ పెట్టావని అడిగేవాళ్ళు లేరు" అంది. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు.

కోపంతో వచ్చిందనుకోకండి. కోపమైతే రెండు రోజులకు చల్లారేది. ఇది విసుగు. నీటి సరఫరా ఆఫీసులో ఉన్నంతకాలం మీరు ఊరంతటికీ వాల్వులు తిప్పారు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక తిప్పడానికి అక్క ఒక్కతే మిగిలింది. కూరలో ఉప్పు వేశావా, స్టవ్ కట్టేశావా, ఆ మూత ఇక్కడెందుకుంది, ఎక్కడికి, ఎంతసేపు, ఎప్పుడొస్తావు. నా మాటలు కావివి, అక్క నాకు అప్పజెప్పిన పాఠం. తను ఇక్కడికొచ్చాక మీరు పంచదార డబ్బా ఎక్కడుందని ఒక ఫోను, దొరికిందని ఒక ఫోను, అందులో చీమలున్నాయని ఇంకో ఫోను చేశారట. అందుకని ఇక ఫోన్లు లేవు. ఉత్తరాలే రాయాలి. అవి కూడా నాకు.

ఈ పార్సిల్లో ఒక మొక్క పంపుతున్నాను. మా కళ్ళజోళ్ళ కొట్టు కిటికీలో పెరిగింది. విచ్చుకున్న గులాబీలా ఉంటుంది గానీ అవన్నీ ఆకులే, గుజ్జు నిండిన ఆకులు. నర్సరీవాడు ఎచెవేరియా అన్నాడు. నాకు నోరు తిరగక దొరసాని అని పిలుస్తున్నాను, మనతో ఏ పనీ పెట్టుకోదు కాబట్టి. ఎండ తగలాలి. మన్ను బాగా ఎండాకే నీళ్ళు. వేలు లోపలిదాకా దూర్చి చూడండి, ఏ కాస్త తడి తగిలినా పోయకండి.

అక్క షరతు ఇది: "ఒక్క ప్రాణినైనా సతాయించకుండా బతకనిస్తే, అప్పుడు తిరిగి రావడం గురించి ఆలోచిస్తాను."

మొక్క జోలికి వెళ్ళకుండా మొక్కను చూసుకుంటారని ఆశిస్తూ,

మీ బావమరిది


జూన్ 13

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. కోపం కూడా ఉంది, కానీ ముందు ఆశీస్సులు.

సతాయించడమా! నేను ఊరికి నీళ్ళిచ్చినవాణ్ణోయ్. వేళ తప్పి వాల్వు తిప్పితే వీధి వీధంతా బకెట్లతో రోడ్డెక్కేది. ఆ వేళ నా ఒంటికి పట్టేసింది. మీ అక్క మంచిదే, కానీ స్టవ్ మీద పాలు పెట్టి కిటికీలోంచి ఎదురింటి దర్జీతో లోకాభిరామాయణం మొదలుపెడుతుంది. ఎవరో ఒకరు చూడాలా వద్దా?

సరే, దొరసాని చేరింది. వంటింటి కిటికీ ఇచ్చాను, ఎండ బాగా పడుతుంది. వేలు పెట్టి చూస్తే పైమన్ను పొడిగానే తగులుతోంది. కాబట్టి పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, మా పాత సరఫరా వేళకే. మీ కొట్లో దాని ముఖం చూసినవాళ్ళు లేరనుకుంటా, ఆకుల మీద బూడిదలా దుమ్ము పేరుకుపోయింది. తడిగుడ్డ పెట్టి ఒక్కొక్క ఆకే తుడిచాను. ఇప్పుడు నిగనిగలాడుతోంది. అడుగు ఆకులైతే ఒళ్ళు చేసి గాజులా మెరుస్తున్నాయి.

నా చేతిలో ఎంత కళకళలాడుతోందో మీ అక్కకు చెప్పు. ఎప్పుడొస్తుందో అడిగి రాయి.

బావ


జూన్ 20

బావగారూ,

ఈ ఉత్తరం అందగానే చేతిలో గ్లాసు కింద పెట్టండి!

అడుగు ఆకులు గాజులా మెరుస్తున్నాయంటే అది ఆరోగ్యం కాదు, కుళ్ళు. పైమన్ను చూసి మోసపోయారు, వేరు దగ్గర చెరువై ఉంటుంది. మీరు తుడిచింది దుమ్ము కాదు మహానుభావా, ఎండకు కమిలిపోకుండా ఆ మొక్క ఒంటికి పూసుకున్న పొడి. ఒకసారి తుడిస్తే ఆ ఆకుకు మళ్ళీ రాదు. మీ ఉత్తరం చదివి నేను లబోదిబోమంటుంటే అక్క మాత్రం, "చూశావా, దానికీ ముఖం కడిగారు" అంది.

కుండీలోంచి తీసి, మన్ను దులిపి, నీడలో ఆరబెట్టండి. బతికితే అదృష్టం.

అక్క ఇప్పుడు రోజూ కొట్లో కౌంటర్ దగ్గర కూర్చుంటోంది. అందుకే నాకు మూడుపూటలా తిండి తినే తీరిక దొరుకుతోంది. ఉంటాను.

మీ బావమరిది


జూన్ 28

బావమరిదీ,

దొరసాని పోయింది. తీయబోతే తల నా చేతిలోకి వచ్చేసింది, కింద కాండమంతా నల్లటి గుజ్జు. ఆ కుండీ కిటికీలోనే ఉంది, తీయబుద్ధి కాలేదు.

నీ ఉత్తరంలో ఆఖరు వాక్యాలు చదివి నా ఒళ్ళు మండిపోయింది. గాలి మార్పుకని వచ్చిన అక్కను కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి నువ్వు తిని కూర్చుంటున్నావా? నా ఇంట్లో తను ఏనాడైనా ఒకరి దగ్గర నిలబడి పనిచేసిందా? నేను బయల్దేరి వచ్చేస్తాను. నా మనిషిని నేను తెచ్చుకుంటాను.

పై పేరా రాశాక కాసేపు వీధిలో నడిచి వచ్చాను. రానులే. వస్తే తను ఏదో ఒక గదిలోకెళ్ళి గడియ వేసుకుంటుందని నాకు తెలుసు.

ఒక మాట చెబుతాను, నవ్వకు. ఇల్లు బావురుమంటోంది. మూత ఎక్కడ పెట్టానో నాకే గుర్తుండటం లేదు, అడిగేందుకు మనిషి లేదు. ఇంకో మొక్క ఉంటే పంపు. ఈసారి నీళ్ళ ఊసెత్తను. తను ఎప్పుడొస్తుంది?

బావ


జూలై 9

బావగారికి,

మీ ఉత్తరం అక్క కూడా చదివింది. తిట్లు నేను తిన్నాను, ఇల్లు బావురుమంటోందన్న చోట తను ఆగింది. ఉత్తరం మడిచి తన దగ్గరే పెట్టుకుంది.

ఆవిణ్ణి నేను కూర్చోబెట్టలేదు, నన్నే లేపింది! ఒకరోజు ఒకాయన పెద్ద నల్ల ఫ్రేము పెట్టుకుని అద్దంలో మురిసిపోతుంటే, వెనకనించి అక్క, "అది తీసేయండి, మీ మనవలు దగ్గరికి రారు" అంది. బేరం పోయిందనుకున్నాను. ఆయన పకపకా నవ్వి, అక్క చేతికందించిన సన్న ఫ్రేము కొనుక్కుని, మర్నాడు భార్యను కూడా తీసుకొచ్చాడు. ఇప్పుడు జనం నన్ను దాటుకుని తిన్నగా అక్క దగ్గరికే వెళుతున్నారు. ఇంతకాలం తనకు ఇంత నోరుందని మనిద్దరికీ తెలియదు బావగారూ. నోరంటే గయ్యాళితనం కాదు, మాటల్లో చమత్కారం.

రెండో దొరసానిని పంపుతున్నాను. ఇది అసలైన కబురు కాబట్టి జాగ్రత్తగా చదవండి. కొట్టు మీద గది ఖాళీగా ఉంది. అక్క దాన్ని చూసి, కిటికీ తెరిచి, "బాగుంది" అంది. ఈ మొక్క కూడా పోతే అందులోనే ఉండిపోతానంటోంది. నవ్వుతూ చెప్పలేదు. మీ ఇద్దరి మధ్య నేను నలిగిపోతున్నా ఉన్నమాట చెప్పక తప్పదు.

మీ బావమరిది


ఆగస్టు 6

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు, ఈసారి కోపం లేకుండా.

నీ ఉత్తరం చదివాక నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మొక్క ఎదురుగా ఉంటే గ్లాసు దానంతటదే నా చేతిలోకి వస్తోంది. ఏం చేయాలా అని ఆలోచించి, దాన్ని తీసుకెళ్ళి మీ అక్క చీరల బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి ఎదురింటి దర్జీకిచ్చాను. "నేను కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వద్దు" అన్నాను. రెండుసార్లు పడ్డాను. ఇవ్వలేదు, గట్టివాడు.

ఈ నెలంతా ఒక్క చుక్క నీళ్ళు పోయలేదు. ముట్టుకోలేదు, తుడవలేదు, కన్నెత్తి కూడా చూడలేదు. చేతులు దురదపెడితే బయటికెళ్ళి నడుస్తున్నాను. పక్క వీధిలో బడి ఉంది, దాని గేటు దగ్గర నిలబడితే కాస్త పొద్దుపోతుంది.

చూశావా, నేను గెలిచాను. మీ అక్కకు ఆ గది కిటికీ మూసేయమని చెప్పు. ఎప్పుడొస్తుందో రాయి.

బావ


ఆగస్టు 13

బావగారూ!

బీరువాలోనా? దానికి ప్రాణాధారం ఎండ! నీళ్ళు తగ్గించమంటే సూర్యుణ్ణే కట్టేశారా?

అక్కకు ముందు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "దర్జీ కాళ్ళు పట్టుకున్నారా?" అని అడిగింది.

వెంటనే బయటికి తీయండి. ఒక్కసారిగా మండుటెండలో పెట్టకండి, రోజూ కాస్త కాస్త అలవాటు చేయండి. పాలిపోయి, ఆకులు ఎడమెడమైపోయి, మెడ సాచి నిలబడి ఉంటే ఒకటే దారి: తల కోసేయాలి. అవును, బ్లేడుతో. పైన గులాబీ ఆకారం ఉన్నంతవరకు కాస్త కాడతో సహా తెగ్గోసి, గాలి తగిలేచోట ఊరికే పెట్టండి. కోసిన చోట పెచ్చు కట్టేదాకా మన్ను చూపించకూడదు, నీళ్ళు అసలే వద్దు. పెచ్చు కట్టాక ఇసుక, గులకరాళ్ళు ఎక్కువగా కలిపిన మన్నులో కూర్చోబెట్టి, ఒక వారం ఆగి అప్పుడు కాసిని నీళ్ళు. కింద మిగిలిన మోడును పారేయకండి. అదీ బతుకుతుంది.

చేయగలరా? మీ ధైర్యం మీద నాకు నమ్మకముంది, మీ ఓపిక మీదే లేదు.

మీ బావమరిది


ఆగస్టు 20 (కార్డు)

బావమరిదికి,

తల కోసేశాను. తల వంటింటి గట్టు మీద పెట్టాను, మొండెం కిటికీలో ఉంది. దర్జీ సాక్షి. నాలుగు రోజులైంది, నీళ్ళు చూపించలేదు. ఇంట్లో ఉంటే ఉండలేక బడికి పోతున్నాను. పెద్ద టీచరు రమ్మంది. మిగతాది తర్వాత.

బావ


ఆగస్టు 27

బావగారికి,

నమస్కారాలు. ఇకమీదట కవరు వాడండి. మీ కార్డు తెచ్చిన పోస్టుమాన్ కొట్లోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి, చేయి చాచి అందించాడు. అద్దాలకని వచ్చిన ఒకావిడ దాన్ని నా భుజం మీంచి చదివి, కొలతలు తీయించుకోకుండానే వెళ్ళిపోయింది. మా బావ మంచివాడని వీధంతా చెప్పుకోవాల్సొచ్చింది.

అక్క మాత్రం తల దగ్గర, మొండెం దగ్గర ఎక్కడా ఆగలేదు. తిన్నగా ఆఖరి మాట పట్టుకుంది. "పెద్ద టీచరెవరు? ఎందుకు రమ్మంది? వయసెంత?" నాకేం తెలుసు? "నీకు తెలుసు, నువ్వూ ఆయనా ఒకటే" అని నాతో ఒక పూట మాటలు మానేసింది. బావగారూ, ఆ టీచరు సంగతేమిటో ఒక్క ముక్క రాసి నన్ను బతికించండి.

మీ బావమరిది


అక్టోబర్ 18

చిరంజీవి బావమరిదికి, బోలెడన్ని ఆశీస్సులు!

మర్చిపోయానోయ్! మొక్కను మర్చిపోయాను! మన్నులో కూర్చోబెట్టి, వారం ఆగి ఒక్కసారి నీళ్ళిచ్చి, కిటికీలో పెట్టి, ఆ తర్వాత శుభ్రంగా మర్చిపోయాను. నీకు జవాబు రాయడం కూడా మర్చిపోయానని ఇప్పుడే తట్టింది. నా జన్మలో నేను దేన్నైనా మర్చిపోయానా? నిన్న కూర తరుగుతూ తలెత్తితే ఎదురుగా ఉంది. కాస్త ఊపి చూశాను, కదల్లేదు. వేరు దిగింది! గుండ్రంగా, గట్టిగా, దగ్గరదగ్గరగా ముడుచుకుని, అంచులకు ఎర్రరంగు కూడా వచ్చింది. కొత్త ఆకుల మీద ఆ బూడిదపొడి ఎంత ముద్దుగా ఉందో. దాన్ని తుడిచిన చేతుల్ని విరగ్గొట్టాలి. ఇక మోడు సంగతి విను. దాని చుట్టూ పిల్లలు! చిటికెన వేలి గోరంత దొరసానులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. దర్జీని కేకేసి పిలిచాను. ఆయన మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చి చూశాడు.

ఎలా మర్చిపోయానో చెప్పాలి కదా. బడి గేటు దగ్గర నిలబడుతున్నానని రాశాను. పైఅంతస్తు పిల్లలు కిందికొచ్చి బకెట్లతో నీళ్ళు మోసుకుపోతుంటే రెండు రోజులు చూశాను, మూడో రోజు లోపలికెళ్ళి అడిగాను. పెద్ద టీచరు, నాకంటే రెండేళ్ళు పెద్దదేమో, ప్రైవేటు బడి కనక ఇంకా రిటైరవలేదు, పైకి నీళ్ళెక్కడం మానేసి చాలా కాలమైందని చెప్పింది. ట్యాంకులోకి వెళ్ళాల్సిన నీళ్ళు మధ్యలో ఎక్కడో నేలపాలవుతున్నాయి. ఎక్కడో తెలియాలంటే ఇనప కడ్డీ ఒక కొస నేలకు, ఇంకో కొస చెవికి ఆనించి వినాలి. నేల కింద నీళ్ళు కారితే కడ్డీలో సన్నగా ఈల వినిపిస్తుంది. పంప్ హౌస్‌లో మేం చేసే పనే. కానీ బడిలో ఆ ఈల వినబడేదెలా? సంతలా ఉంటుంది. అప్పుడు పెద్ద టీచరు ప్రతి గదికీ వెళ్ళి ఏం చెప్పిందో గానీ, బడి మొత్తం ఊపిరి బిగబట్టింది. కిటికీల నిండా తలకాయలు, ఒక్క మాట లేదు. నేను అడుగు అడుగునా కడ్డీ దించుకుంటూ, చెవి ఆనించుకుంటూ పెరడంతా తిరిగాను. మొదటి రోజు దొరకలేదు. చాలా రోజులు దొరకలేదు. రోజూ నా కోసం అంతమంది నోళ్ళు మూసుకున్నారు. ఆఖరికి వంటగది గోడ పక్కన వినిపించింది. తవ్వితే పాత పైపు నిలువునా చీలి ఉంది. కొత్త ముక్క వేసి బిగించి, వాల్వు నేనే తిప్పాను. పైఅంతస్తులో కుళాయి ముందు గర్రుమని గాలి వదిలి, ఆ తర్వాత నీళ్ళు వదిలింది. పిల్లలు పెట్టిన కేకలకు నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి. అన్నాళ్ళు మూసుకున్న నోళ్ళన్నీ ఒక్కసారి తెరిచారు మరి.

నేను చాలా హాయిగా ఉన్నాను. రేపు లాండ్రీవాళ్ళు రమ్మన్నారు, వాళ్ళ పైపూ ఎక్కడో కారుతోందట. తొందరలో ఉన్నాను, ఉంటాను.

బావ


అక్టోబర్ 25

బావగారికి,

మీకు ముందు శభాష్. మీ ఉత్తరం కొట్లో అందరికీ చదివి వినిపించాను. కుళాయి దగ్గరికొచ్చేసరికి ఒక ముసలాయన చప్పట్లు కొట్టాడు, అద్దాలు లేకుండానే.

ఇప్పుడు చిక్కు చెబుతాను. అందరూ చప్పట్లు కొడుతుంటే అక్క ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని, మొదటినుంచి చివరిదాకా చదివి, తిరగేసి వెనక కూడా చూసింది. "ఎప్పుడొస్తానని అడగలేదు" అంది. నేను తొందరలో మర్చిపోయి ఉంటారన్నాను. "అదే నేననేది. హాయిగా ఉన్నారట. పిల్లలట, పెద్ద టీచరట, లాండ్రీ అట. మొక్కను మర్చిపొమ్మన్నాను గానీ నన్ను మర్చిపొమ్మన్నానా?" అని పైకెళ్ళి సంచి సర్దడం మొదలుపెట్టింది. సతాయిస్తే వచ్చేసింది, సతాయించకపోతే వెళ్ళిపోతోంది. మా అక్కే అయినా నాకు అంతు చిక్కదు.

రేపటి బస్సెక్కుతోంది. ఈ ఉత్తరం కంటే ముందే వస్తుందేమో. మీరు గుమ్మంలో కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చోకూడదని నా మనవి. కానీ ముఖం చాటేయకూడదని కూడా మనవి. ఎలా ఉండాలో మీరే తేల్చుకోండి, నా తలప్రాణం తోకకొచ్చింది.

మీ బావమరిది


నవంబర్ 2

చిరంజీవి బావమరిదికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. మీ అక్క అంతకంటే ముందే వచ్చింది. నువ్వు తేల్చుకోమన్న సంగతి నేను తేల్చుకునే అవసరమే రాలేదు, ఎందుకంటే తను వచ్చేసరికి నేను ఇంట్లో లేను.

లాండ్రీ వెనక గొయ్యిలో ఉన్నాను, మోకాళ్ళదాకా బురదలో. పని పూర్తిచేసి కడ్డీ భుజాన వేసుకుని వస్తుంటే మెట్ల మీద తన సంచి, సంచి మీద తను, చేతిలో దర్జీ ఇచ్చిన టీ గ్లాసు. తలుపుకు తాళం. సంతోషం వేసింది, భయం కూడా వేసింది.

"ఎక్కడికెళ్ళారు? వచ్చి ఎంతసేపైందో తెలుసా? తాళం పెట్టుకుని పోతే మనిషి ఏమైపోవాలి? ఆ బురదేమిటి?"

అన్నీ వరసగా అడిగింది. నేను అడిగే ప్రశ్నలే. ఒక్కదానికీ జవాబు చెప్పకుండా అలా వింటూ నిలబడ్డాను. ఇంకాసేపు అడిగితే బాగుండుననిపించింది. తనకే నవ్వొచ్చి మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దర్జీ మర్యాదస్తుడు, మిషను గట్టిగా తొక్కుకున్నాడు.

లోపలికొచ్చి కిటికీ దగ్గర మొక్కల్ని చూసింది. చేయి వేయలేదు. "బాగా ఎదిగారు" అంది, నన్నో మొక్కల్నో తెలియదు. అడగలేదు.

కొట్లో కౌంటర్ మాత్రం వదలనంది. నెలకొక వారం నీ దగ్గరికి వస్తుంది, పైగది తుడిపించి ఉంచు. నాకూ బజారులో ఇంకో రెండు చోట్ల పైపులు చూసే పని వచ్చింది. మీ అక్క నా బురద చొక్కా ఉతకనంది, లాండ్రీవాళ్ళు ఊరికే ఉతికిపెడతామన్నారు. మా ఇద్దరి మధ్యా గొడవకు ఏమీ మిగల్లేదు, అదే కాస్త వెలితిగా ఉంది.

పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ ఇంటికి ఒకటే తాళంచెవి బావమరిదీ. నేను పంప్ హౌస్‌కి పోతే తను ఇంట్లో ఉండేది. ఇద్దరం వేరువేరుగా బయటికెళతామని, రెండోది కావాలని ఏనాడూ తోచలేదు. ఇవాళ పొద్దున బజారుకెళ్ళి ఇంకొకటి చేయించి తెచ్చి తన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నన్ను లోపలే కూర్చోమని, బయటికెళ్ళి, తాళం వేసి, తనే తీసుకుని లోపలికొచ్చింది. మళ్ళీ వెళ్ళి తాళం వేసి, మళ్ళీ తీసుకుని వచ్చింది.

బావ